కోవూరు షెడ్డులో పదకొండేళ్లుగా ఆగి ఉన్న టెంపో ట్రావెలర్: సెల్ఫ్ కొట్టే ముందు చేయాల్సినవి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ తాతగారి 1992 మోడల్ టెంపో ట్రావెలర్, లోపల మంచం, స్టవ్వు, నీళ్ల ట్యాంకు పెట్టించి కాశీ, శబరిమల తిరిగిన బండి, 2014 నుంచి నెల్లూరు పక్క కోవూరులో పాత రైస్ మిల్లు షెడ్డులోనే ఉంది, కొత్త బ్యాటరీ కొన్నావు, ఈ ఆదివారం పెట్టి సెల్ఫ్ కొట్టొచ్చా అని అడిగావు. కొట్టొద్దు. బ్యాటరీ ఇంట్లోనే ఉంచు. నువ్వు చివర్లో మామూలుగా రాసిన రెండు ముక్కలున్నాయి చూడు, "2021లో వరద నీళ్లు షెడ్డులోకి కొంచెం వచ్చాయట", "సిలిండర్ ఇంకా లోపలే ఉంది" అని, నీ ప్రశ్న మొత్తంలో నన్ను టెన్షన్ పెట్టినవి ఆ రెండే.

నేను ముప్పై రెండేళ్లు డీజిల్ బళ్ల పని చేశాను, మొదట నెల్లూరు ఆటోనగర్‌లో, తర్వాత ఒంగోలులో సొంత షెడ్డు. ఏళ్ల తరబడి ఆగిపోయిన బళ్లు లేపడం నాకు చాలా ఇష్టమైన పని. అలాంటి బళ్లు పాడయ్యేది ఆగి ఉన్నన్నాళ్లలో కాదు, తొందరపడి స్టార్ట్ చేసిన మొదటి పది నిమిషాల్లో. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు గ్యాస్ సిలిండర్ బయటికి తీయించు, ఇవాళే. గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే పైకి పోదు, బండి ఫ్లోరు మీదే పేరుకుంటుంది, బ్యాటరీ క్లిప్పు తగిలించినప్పుడు వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు. తలుపులన్నీ ఒక పూట తెరిచిపెట్టి, ఆ తర్వాతే లోపలికి వెళ్లి రెగ్యులేటర్ విప్పు. సిలిండర్ పైన పిడి కింద ఉండే పట్టీల మీద లోపలి వైపు ఒక అక్షరం, రెండంకెలు ఉంటాయి, ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే జూన్ దాకా, సి అంటే సెప్టెంబర్ దాకా, డి అంటే డిసెంబర్ దాకా, పక్కన సంవత్సరం. అది మళ్లీ పరీక్ష చేయాల్సిన గడువు. నీ దాని గడువు ఎప్పుడో దాటి ఉంటుంది, గ్యాస్ ఏజెన్సీకి అప్పగించేయ్. రబ్బరు పైపు ఐదేళ్లకే మార్చాలి, దాన్ని కోసి పారేయ్, మళ్లీ ఎవరూ వాడకుండా. ఇంకొకటి, లోపలికి చెయ్యి పెట్టే ముందు పొడుగు కర్రతో మంచం కింద, సీట్ల కింద, బానెట్ లోపల తట్టి చూడు. పొలాల పక్క షెడ్డు, ఎలుకలు ఉన్నాయంటే వాటి కోసం పాములు కూడా వచ్చి ఉంటాయి.

ఇక నీళ్ల సంగతి. 2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి, మీ ఊరి చుట్టూ ఎంత నీళ్లొచ్చాయో మీకే బాగా తెలుసు. "కొంచెం" అని ఎవరో చెప్పిన మాట పట్టుకోవద్దు. షెడ్డు గోడ మీద ఒండ్రు మరక ఉంటుంది, టేపు పెట్టి నేల నుంచి దాని ఎత్తు కొలువు. తర్వాత అదే ఎత్తు బండి పక్కన గుర్తు పెట్టి చూడు. చక్రం నట్ల దాకా వచ్చిందంటే బ్రేక్ డ్రమ్ముల్లో, వీల్ బేరింగుల్లో నీళ్లు చేరినట్టే లెక్క, వెనక ఇరుసు మధ్య గేర్ల పెట్టె అయిన డిఫరెన్షియల్‌కి గాలి పోయే చిన్న మూత గుండా, సీళ్ల గుండా కూడా పోతాయి. ఇంకొంచెం పైకి వస్తే గేర్‌బాక్స్, క్లచ్ హౌసింగ్. ఎయిర్ ఫిల్టర్ ఎత్తు దాకా వచ్చి ఉంటే మాత్రం ఇంజిన్ సిలిండర్లలోకి నీళ్లు దిగి ఉండొచ్చు, అప్పుడు ఇది నీ చేతి పని కాదు, ఇంజిన్ పై భాగం, అంటే హెడ్, ఎత్తాల్సిందే. నీళ్లు కుదించుకుపోవు కదా, పిస్టన్ మీద గ్లాసుడు నీళ్లుండగా సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

మరక చూశాక నాలుగు చోట్ల నూనె చూడాలి. ఇంజిన్ సంపు (కింద నూనె నిలిచే గిన్నె), గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, స్టీరింగ్ బాక్స్. డ్రైన్ నట్టు ఒక్కసారిగా పీకేయొద్దు, కింద తెల్లటి డబ్బా పెట్టి నట్టు మెల్లగా లూజు చెయ్. నీళ్లు నూనె కంటే బరువు కాబట్టి అడుగున ఉంటాయి, ముందు అవే కారతాయి. మొదటి చుక్కలు శుభ్రంగా నల్లటి నూనె అయితే సంతోషం. నీళ్లు కారినా, పాలు ఎక్కువైన కాఫీ రంగులో చిక్కగా వచ్చినా, ఆ భాగం విప్పి కడిగి బేరింగులు చూడకుండా తిప్పకూడదు. డిఫరెన్షియల్‌లో నీళ్లుంటే బండిని తోసి బయటికి తీయడం కూడా ఆపేయ్, తుప్పు పట్టిన బేరింగు మీద ప్రతి చుట్టూ నష్టమే. స్టీరింగ్ బాక్సుకి డ్రైన్ లేకపోతే పై మూత తీసి కొంచెం సిరంజితో లాగి చూడు.

ఇంజిన్ గురించి ధైర్యంగా ఉండొచ్చు. ట్రావెలర్ 1987లో వచ్చింది, బెంజ్ వాళ్ల టి1 వ్యాన్ డిజైను, అందులో వేసింది ఓఎం616 అనే 2.4 లీటర్ల నాలుగు సిలిండర్ల డీజిల్. ఇదే ఇంజిన్ బెంజ్ 240డి కారులో ప్రపంచమంతా టాక్సీలుగా తిరిగింది. కంప్యూటర్ లేదు, సెన్సార్లు లేవు, నూనె, డీజిల్, గాలి సరిగ్గా ఇస్తే పలుకుతుంది. నేను వీటిని ఎన్నో విప్పాను, ఇంత నమ్మకమైన ఇంజిన్ మన రోడ్ల మీద తక్కువే చూశాను. కానీ పదకొండేళ్లు ఒకే చోట నిలబడితే పిస్టన్ రింగులు సిలిండర్ గోడకి పట్టేస్తాయి, మైపాడు బీచ్ వైపు నుంచి వచ్చే ఉప్పు గాలి సంగతి ఇక చెప్పక్కర్లేదు.

కాబట్టి స్టార్టింగ్‌కి ఇంజిన్ లోపల వేడి చేసే నాలుగు హీటర్ ప్లగ్గులూ విప్పు, ఒక్కో రంధ్రంలో సిరంజితో పది పదిహేను మిల్లీలీటర్లు, సగం డీజిల్ సగం ఇంజిన్ ఆయిల్ కలిపి పోయి. ఈ ఇంజిన్‌లో హీటర్ ప్లగ్గు ముందు ఒక చిన్న గదిలోకి తెరుచుకుంటుంది, అక్కణ్ణుంచి సిలిండర్‌లోకి నూనె నిదానంగా దిగుతుంది, అందుకే మూడు రోజులు ఆగు, మధ్యలో ఒకసారి మళ్లీ పోయి. ఆ తర్వాత గేరు న్యూట్రల్‌లో ఉందని చూసుకుని, ఇంజిన్ ముందు వైపు ఉండే క్రాంక్ పుల్లీ బోల్టుకి సాకెట్ వేసి చేత్తో తిప్పు. ముందు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి, వెనక్కి తిప్పొద్దు, లోపల టైమింగ్ చైను ఉంటుంది, వెనక్కి తిప్పితే వదులయ్యి పన్ను జారే ప్రమాదం ఉంది. మామూలు రాచెట్ హ్యాండిల్‌కి కదలకపోతే పొడుగు పైపు తొడిగి బలం పెట్టకు. ఇంకో వారం నాననివ్వు. గేరులో వేసి నలుగురితో తోయించడం, ట్రాక్టర్‌కి కట్టి లాగించడం లాంటివి ఎవరైనా చెబితే విననట్టు ఊరుకో. పట్టేసిన రింగు అలా విరిగితే సిలిండర్ గీరుకుపోతుంది, రెండు వారాల ఓపికతో అయ్యే పని కాస్తా సిలిండర్లు చెక్కించే బోరింగు దాకా పోతుంది. రెండు పూర్తి చుట్లు ఇబ్బంది లేకుండా తిరిగిందంటే ఆ రోజు నిశ్చింతగా నిద్రపో. టాపెట్ కవర్ తీసి వాల్వులన్నీ లేచి దిగుతున్నాయా చూడు, గ్యాపు చల్లటి ఇంజిన్ మీద లోపలికి పీల్చే వాల్వుకి 0.10, పొగ వదిలే వాల్వుకి 0.30 మిల్లీమీటర్లు.

ఇప్పుడు డీజిల్ పంపు. ఈ ఒక్క భాగం గురించి మాత్రం నా మాట తప్పకుండా విను. కొత్తపట్నం వైపు రొయ్యల చెరువుల వాళ్ల వ్యాను ఒకటి, ఏడేళ్లు ఆగింది, నా దగ్గరికి తెచ్చారు. యజమాని తొందర, మర్నాడు పెళ్లికి కావాలన్నాడు. నూనె మార్చాను, ఫిల్టర్లు మార్చాను, కొత్త డీజిల్ పోశాను, పంపు మాత్రం విప్పలేదు, బయటి లీవర్ బాగానే కదులుతోంది కదా అనుకున్నాను. స్టార్ట్ అయింది. అయిన మూడో సెకనుకే చప్పుడు పెరగడం మొదలైంది, యాక్సిలరేటర్ మీద ఎవరి కాలూ లేదు, స్టాప్ కేబుల్ లాగాను, ఆగలేదు, తాళం తీశాను, డీజిల్ ఇంజిన్ తాళంతో ఆగేది కాదు కదా. ఆ చప్పుడు నేను ఈరోజుకీ మర్చిపోలేదు. నా దగ్గర పనిచేసే కుర్రాడు బండి ముందే నిలబడి ఉన్నాడు, వాణ్ణి పక్కకు తోసి, మేత బస్తాల కింద వేసే చెక్క పలక ఒకటి దొరికితే దాన్ని గాలి పీల్చే గొట్టానికి అడ్డం పెట్టి నొక్కాను. గాలి ఆగాకే ఇంజిన్ ఆగింది. బేరింగులు పోయాయి, రాడ్ వంగింది, ఆ ఇంజిన్ మళ్లీ పనికి రాలేదు, కుర్రాడికి ఏమీ కానందుకు మాత్రం దేవుడికి దండం పెట్టుకున్నాను.

జరిగింది ఏంటంటే, పంపు లోపల డీజిల్ ఎంత వెళ్లాలో నిర్ణయించే పళ్ల కడ్డీ ఒకటి ఉంటుంది, రాక్ అంటాం. పాత డీజిల్ ఎండి జిగురులా మారి ఆ కడ్డీని ఫుల్ డీజిల్ ఇచ్చే చోట పట్టేసింది. బయటి లీవర్ స్ప్రింగుల మీద కదులుతూనే ఉంటుంది, లోపల కడ్డీ కదలదు. అందుకే నీ పంపూ, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాలుగు నాజిల్సూ విప్పించి డీజిల్ పంపు సర్వీస్ చేసే చోట ఇవ్వు, నెల్లూరులోనే ఆ పని చేసేవాళ్లున్నారు, బెంచి మీద పెట్టి కాలిబ్రేషన్ చేసి ఇస్తారు. విప్పే ముందు పంపు ఫ్లాంజికీ, అంటే బిగించే అంచుకీ, ఇంజిన్‌కీ అడ్డంగా ఉలితో ఒక గీత గీయమని చెప్పు, మళ్లీ బిగించేటప్పుడు టైమింగ్‌కి దగ్గరగా కూర్చుంటుంది. సీళ్లు కూడా కొత్తవి వేయించు. 2020 ఏప్రిల్ నుంచి మనకి వస్తున్న బీఎస్6 డీజిల్‌లో గంధకం బాగా తక్కువ, పాత రకం డీజిల్‌కి అలవాటు పడ్డ రబ్బరు సీళ్లు ఇలాంటి డీజిల్ తగిలాక కుంచించుకుపోయి కారడం నేను చాలా పాత పంపుల్లో చూశాను. ఖర్చు అవుతుంది, ఒప్పుకుంటాను. మొత్తం బండిలో ఒక్క చోటే డబ్బు పెట్టగలను అంటే, బ్రేకుల తర్వాత ఇక్కడే పెట్టు.

ట్యాంకు కడగడం కాదు, దించాలి. పదకొండేళ్ల డీజిల్ అడుగున నీళ్లు, ఆ నీళ్లకీ డీజిల్‌కీ మధ్య నల్లటి పాచి, తుప్పు పొడి. ఆవిరితో కడిగించి ఎండలో ఆరబెట్టు. రబ్బరు పైపులన్నీ కొత్తవి, రెండు ఫిల్టర్లూ కొత్తవి. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు మాత్రం ట్యాంకుతో సంబంధం లేకుండా ఐదు లీటర్ల శుభ్రమైన క్యాను ఒకటి ఇంజిన్ కంటే ఎత్తులో కట్టి దాన్నుంచి పైపు ఇవ్వు. చేతి పంపు కొడుతూ ఫిల్టర్ మీది స్క్రూ దగ్గర బుడగలు ఆగేదాకా ఎయిర్ తీయాలి, తర్వాత పంపు దగ్గర, చివర్లో సెల్ఫ్ తిప్పుతూ నాజిల్ నట్ల దగ్గర.

రేడియేటర్‌లో ఏముందో చూసి కడిగించు, హోసు పైపులు, ఫ్యాన్ బెల్టు, థర్మోస్టాట్ కొత్తవి. బోరు నీళ్లు పోయొద్దు, సముద్రానికి ఇంత దగ్గర ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, లోపల ఇనుము తినేస్తాయి. కూలెంటు, డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయి.

ఇంజిన్ స్టార్ట్ చేయకముందే బ్రేకులు పూర్తవ్వాలి. చాలామంది ఇంజిన్ పలికిన ఉత్సాహంలో షెడ్డు గేటు దాకా ఒక్కసారి అని కదిలిస్తారు, పెడల్ నొక్కితే నేల దాకా దిగిపోతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, పదకొండేళ్లకి వీల్ సిలిండర్లు లోపల గుంటలు పడి ఉంటాయి, నీ బండి పైగా నీళ్లలో నిలబడింది. డ్రమ్ములన్నీ విప్పించు, తుప్పుకి పట్టేసి ఉంటే కొట్టి పగలగొట్టకుండా అడ్జస్టర్ వెనక్కి తిప్పి లాగమను. వీల్ సిలిండర్లు కిట్లు కాదు, మొత్తంగా కొత్తవి. రబ్బరు హోసులు కొత్తవి, మాస్టర్ సిలిండర్ కొత్తది, ఇనుప పైపులు ఛాసిస్ పట్టీల కింద దాగిన చోట ముఖ్యంగా చూడు, తుప్పు అక్కడే మొదలవుతుంది. లైనర్లు ఊడిపోయి ఉంటాయి, చూసుకో. బేరింగులు కడిగి కొత్త గ్రీజు. హ్యాండ్ బ్రేక్ కేబుల్ కూడా మర్చిపోకు. ఇంకో విషయం, ఈ బండిలో బ్రేక్ బూస్టర్‌కి వ్యాక్యూమ్ ఇచ్చే చిన్న పంపు ఇంజిన్ తిరిగితేనే పనిచేస్తుంది, ఇంజిన్ ఆగితే రెండు మూడు తొక్కుళ్ల తర్వాత పెడల్ రాయిలా గట్టిగా అవుతుంది, దిగువ రోడ్డులో ఇంజిన్ ఆపి వదలడం లాంటివి ఎప్పుడూ చేయొద్దు.

క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కి పట్టేసి ఉండే అవకాశం ఎక్కువ. పెడల్ తొక్కి గేరు పడుతుందేమో చూడు, పడకపోతే గేర్‌బాక్స్ దించడమే మంచిది, ఎలాగూ సీళ్లు మార్చుకోవచ్చు. టైర్లు పైకి ఎంత బాగా కనిపించినా మార్చాల్సిందే. పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2213 అంటే 2013లో ఇరవై రెండో వారం తయారైంది అని. ఇంటి సామాను, నీళ్లు, మనుషులు అంత బరువుతో పగుళ్లు పట్టిన టైరు హైవే మీద పేలితే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు.

వైరింగ్ మొత్తం చూడకుండా బ్యాటరీ తగిలించకు, ఎలుకలు కొరికిన చోట టేపు కాదు, వైరే మార్చు. లోపల లైట్లకి, ఫ్యానుకి మీ తాతగారు వేరే వైరు లాగించి ఉంటారు, వాటికి ఫ్యూజులు ఉన్నాయా చూడు, చాలా బళ్లలో ఉండవు. ఇంజిన్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఎర్త్ పట్టీ గీకి శుభ్రం చెయ్, సగం సెల్ఫ్ సమస్యలు అక్కడే ఉంటాయి.

ఇవన్నీ అయ్యాక స్టార్ట్ చేసే రోజు. కొత్త నూనె డిప్‌స్టిక్ గుర్తు దాకా పోసి, హీటర్ ప్లగ్గులు ఇంకా బిగించకుండా, స్టాప్ లీవర్ లాగి పట్టుకుని పది సెకన్లు సెల్ఫ్, ఒక నిమిషం ఆగి మళ్లీ పది, అలా ఆయిల్ ప్రెషర్ ముల్లు కదిలేదాకా. ఆ రంధ్రాల్లోంచి నువ్వు పోసిన నూనె చిమ్ముతుంది, మొహం అడ్డం పెట్టకు. తర్వాత ప్లగ్గులు బిగించి, ఎయిర్ ఫిల్టర్ గొట్టం తీసేసి, ఆ మూతి కంటే పెద్దదైన మందపాటి ప్లైవుడ్ ముక్క పట్టుకుని ఒక మనిషి బండి పక్కన నిలబడాలి, ముందు కాదు. గుడ్డ వద్దు, గోనె వద్దు, చెయ్యి అసలే వద్దు, లోపలికి లాగేస్తుంది. ఇంజిన్ గాడి తప్పి పెరుగుతోందంటే చూస్తూ ఉండకుండా వెంటనే మూసేయాలి. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ దగ్గరుండాలి. షెడ్డు లోపల కాకుండా బయట ఆరుబయట, చక్రాలకి రాళ్లు పెట్టి. తెల్ల పొగ ఐదు నిమిషాలు వస్తే భయం లేదు, వేడెక్కాక కూడా ఆగకుండా తియ్యటి వాసనతో వస్తే హెడ్ గ్యాస్కెట్ చూడాలి. యాక్సిలరేటర్ తొక్కొద్దు. పది నిమిషాలు నడిపి ఆపి, అంతా చల్లారాక కింద పడుకుని ఎక్కడెక్కడ కారుతోందో చూడు.

లోపలి భాగం గురించి తక్కువే చెబుతాను, అది మీ ఇంటివాళ్ల ఇష్టం. చెక్క తట్టి చూస్తే బోలుగా చప్పుడైన చోట చెదలు. ఆ ప్లైవుడ్ ఎలాగూ తీస్తావు కాబట్టి, తీసినప్పుడే ఫ్లోరు రేకు, దాని కింద అడ్డ కమ్మీలు (క్రాస్ మెంబర్లు) సుత్తితో తట్టి చూసుకో. గట్టి ఇనుము మోగుతుంది, తుప్పు మెత్తగా పలుకుతుంది. తాతగారి చేతి పని ఏదైనా, ఆ మడత మంచం లాంటిది, బాగుంటే దాన్ని మార్చకు తమ్ముడూ. ఫోటో చూశాను, ఆ కీలు అతను ఎంత ఆలోచించి పెట్టించాడో తెలుస్తోంది.

కాగితాల విషయంలో నువ్వు "వింటేజ్ కింద రిజిస్టర్ అవుతుందా" అని అడిగావు. అవ్వదు. 2021లో వచ్చిన రూల్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటాలి, పెద్ద మార్పులు చేసి ఉండకూడదు, నీది రెండు విధాలా కుదరదు. మామూలుగా ఆర్సీ రెన్యువల్, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ చేయించుకోవాలి, సొంత వాడకం బండికి రెన్యువల్ ఐదేళ్లకి ఇస్తారు. ఆర్సీ తాతగారి పేరు మీదే ఉంటే ముందు ఫారం 31తో వారసుల పేరుకి మార్పించాలి. లోపల చేయించిన మార్పు ఆర్సీలో ఎక్కించి ఉందో లేదో చూడు, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ దాని గురించే. ఎక్కించి లేకపోతే చెక్క పని మొదలుపెట్టే ముందే ఆర్టీఓ ఆఫీసుకి వెళ్లి మాట్లాడు, డబ్బు పెట్టాక కాదు.

అన్నీ అయ్యాక మొదటి వారం ఊళ్లోనే. తర్వాత ఒకరోజు తెల్లవారుజామున మైపాడు దాకా వెళ్లి రా, మధ్యలో రెండు సార్లు ఆపి నాలుగు హబ్బులూ చేతి వెనక్కి ఆనించి చూడు, ఒకటి మిగతావాటి కంటే బాగా కాలుతుంటే బ్రేకు పట్టేస్తోంది లేదా బేరింగు పోతోంది. కాశీ ఆలోచన ఇప్పుడే వద్దు, ముందు కావలి వెళ్లి రా.

ఈ ఆదివారానికి నీ పని ఇంతే: సిలిండర్ బయటికి, గోడ మీద మరక ఎత్తు, నాలుగు నూనెల రంగు. అవి ఫోటోలు తీసి పంపు, చూసి చెబుతాను. పంపు బిగించి స్టార్ట్ చేసే రోజు ముందే చెప్పు, ఒంగోలు నుంచి కోవూరు నాకు పెద్ద దూరం కాదు, ఆ ప్లైవుడ్ ముక్క పట్టుకుని నేనే నిలబడతాను.